ఈ పొడిచర్మం ఎప్పటిది?

చర్మవైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడు లేజర్ల గురించి అడుగుతారు. జుట్టు రాలినచోట మళ్ళీ నాటడం గురించి, మొహం మీది మచ్చలు తీయడం గురించి అడుగుతారు. పొడిచర్మం గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగడానికి అందులో ఏముందని వాళ్ళ ఉద్దేశం. నూనె రాసుకోమని చెబితే అయిపోయింది కదా! కానీ నా గది ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది తెచ్చిన బాధ అదే. డాక్టర్లు తల ఎత్తకుండా చీటీ రాసి పంపించే బాధ కూడా అదే. అందుకే ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను.

నేను పుట్టింది కోరుట్లలో. ఉద్యోగం మొదలైంది సిరిసిల్లలో, ఎక్కువకాలం గడిచింది జగిత్యాలలో. రిటైరయ్యాక మళ్ళీ కోరుట్ల చేరాను. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయిందో, ప్రమోషన్ ఎందుకు ఆగిందో ఇక్కడ రాయను. అవి తలుచుకుంటే నాకే ఆవలింతలొస్తాయి. నాకు పని నేర్పిన మనుషుల గురించి రాస్తాను.

సిరిసిల్లలో మా సారు

సిరిసిల్లలో నా పై డాక్టరు రాజమౌళి సారు. మాట తక్కువ. రోగిని ట్యూబులైటు కింద కాకుండా కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవారు. ముందు కంటితో చూసేవారు. తర్వాత అరచేతి వెనక భాగంతో రోగి కాలు మీద మోకాలి నుంచి మడమ దాకా నెమ్మదిగా రాసి చూసేవారు. ప్రశ్నలు ఆ తర్వాతే.

ఒక చలికాలం సత్తయ్య అని సాంచె మీద పనిచేసే మనిషి వచ్చాడు. మా వైపు పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. భార్య వెంట వచ్చింది కానీ కాస్త దూరంగా నిలబడింది. అతను గోక్కుంటూనే లోపలికి వచ్చాడు. కాళ్ళూ చేతులూ నడుమూ అంతా గీతలు, కొన్నిచోట్ల రక్తం. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన గజ్జి అని చెప్పి, ఒంటికి పూసుకునే తెల్లమందు మళ్ళీ మళ్ళీ ఇచ్చాడు. తగ్గలేదు, పెరిగింది. పక్క సాంచె వాళ్ళు భయపడ్డారు. సాంచెల యజమాని, ఆసామి అంటారు, నయమయ్యేదాకా కార్ఖానాకు రావద్దన్నాడు.

"ఇంట్ల సుత గదే కథ సారూ" అన్నాడు సత్తయ్య. "పల్లెం వేరే, చెంబు వేరే. పిల్లగాండ్లను దగ్గరికి రానిస్తలేరు. కుష్టు రోగమని సుత అంటున్నరు."

సారు ముందు అతని వేళ్ళ సందులు చూశారు. శుభ్రంగా ఉన్నాయి. చంకలు చూశారు, మెత్తగా ఉన్నాయి. ముంజేతుల మీద, ముడ్డి మీద గజ్జికి ఉండే గుర్తులేవీ లేవు. ముంగాళ్ళ మీద మాత్రం చర్మం బీటలు వారి, ఆ బీటల అంచులు లేచి ఉన్నాయి. స్పర్శ ఉందో లేదో దూదితో పరీక్షించారు. అంతటా తెలుస్తోంది.

"ఇంట్ల ఇంకెవ్వలకన్న గుల ఉన్నదా?" అని అడిగారు. గుల అంటే దురద.

"లేదు సారూ."

"ఇన్ని రోజులు గజ్జి ఉంటే ఇంట్ల ఒక్కలకు రాకుంట ఉంటదా? సరే, తానం ఎట్ల చేస్తవో చెప్పు."

సత్తయ్య బిత్తరపోయి భార్య వంక చూశాడు. స్నానం గురించి అతన్ని ఎవరూ అడిగి ఉండరు. ఆమే చెప్పింది. సాంచె నూనె మరకలు పోవడానికి ముందు గ్యాసునూనెతో, అంటే కిరసనాయిలుతో తుడుచుకుంటాడు. తర్వాత బట్టలసబ్బు. తర్వాత ఒళ్ళు కాలేంత వేడినీళ్ళు. గజ్జి అని చెప్పినప్పటి నుంచి వేపాకు మరిగించి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పీచుతో రుద్ది మరీ చేస్తున్నాడు.

సారు కుర్చీ కొంచెం ముందుకు జరిపారు. "సత్తయ్యా, నూలుకు గంజి పెట్టకుంట సాంచె మీదికి ఎక్కిస్తే ఏమైతది?"

"పోగులు పటపట తెగుతయి."

"నీ తోలుకు సుత గసొంటి గంజి పుట్టుకతోనే ఉంటది. జిడ్డు, తేమ. నువ్వు దాన్ని రెండు పూటల గ్యాసునూనెతోని, బట్టలసబ్బుతోని కడిగి పారేస్తున్నవ్. మీద గజ్జిమందు పూస్తే ఇంకింత ఎండింది. ఎండితే గుల పుట్టింది. గుల పుడితే మల్ల వేడినీళ్లు పోసుకున్నవ్. నీ రోగం నువ్వే పెంచుతున్నవ్ బిడ్డా."

దూరంగా నిలబడ్డ భార్య నవ్వింది. "నేను సెప్తనే ఉన్న సారూ, గన్ని మసలే నీల్లు వద్దని. ఇంటడా!" అంటూ దగ్గరికి వచ్చి అతని పక్కన నిలబడింది.

సారు చెప్పిన వైద్యం ఇంతే. మరకలకు గ్యాసునూనె బదులు కొబ్బరినూనె, పాత గుడ్డ. గోరువెచ్చని నీళ్ళు. మెత్తని ఒంటిసబ్బు, అదీ చేతులకు, చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. తుడుచుకున్నాక ఒళ్ళు తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీ. గజ్జిమందు పూర్తిగా బంద్. గోకిన పుండ్లకు కొద్దిరోజులు ఒక పూతమందు.

కానీ మందుతో అతని కష్టం సగమే తీరుతుందని సారుకు తెలుసు. మళ్ళీ వచ్చేటప్పుడు ఆసామిని వెంట తీసుకురమ్మన్నారు. ఆసామి వచ్చాడు, గుమ్మం దగ్గరే ఆగాడు. సారు ఉత్త చేతితో సత్తయ్య కాలంతా నిమిరి చూపించారు. "అంటుకునే రోగమైతే ముందుగాల నాకు అంటాలె. చల్లగాలికి, సబ్బుకు ఎండిన తోలు ఇది. రేపటి సంది పనిలకు రానీ" అన్నారు. ఆసామి కొంచెం సిగ్గుపడి తల ఊపాడు. ఆ చలికాలం పోకముందే సత్తయ్య చర్మం మామూలైంది. పల్లెం, చెంబు అంతకుముందే అందరితో కలిసిపోయాయని భార్య చెప్పింది.

ఆసామి వచ్చి వెళ్ళిన సాయంత్రం ఆస్పత్రి మెట్లు దిగుతూ సారు నాతో అన్న మాట నా సర్వీసంతా పనిచేసింది. "చర్మం పొడిగా ఉందని ఇంట్లో ముసలమ్మ కూడా చెప్తుందమ్మా. అది ఎప్పటిదో నువ్వు అడగాలి. పుట్టుకతో వచ్చిందా, పనితో వచ్చిందా, చలికి వచ్చి ఎండలకు పోతుందా? ఈ మూడూ కాకుండా నడివయసులో చెప్పాపెట్టకుండా వచ్చిందంటే, దాన్ని నమ్మకు. వెనక ఇంకేదో ఉందని వెతుకు."

మందుల కంటే ముందు

పుట్టుకతో వచ్చిన పొడితనం చేపపొలుసులా ఉంటుంది. ఇంట్లో తండ్రికో మేనమామకో ఉంటుంది. అది పోదు, కానీ చక్కగా అదుపులో ఉంటుంది. పసిపిల్లల్లో మోచేతి మడతల్లో, మోకాలి వెనక ఎర్రబడి దురదపెట్టే రకం వేరు. చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. ఈ పిల్లల తల్లులకు మీరు చేయగల మేలు ఏమిటంటే, గుడ్లు మానిపించి, పాలు మానిపించి పిల్లను ఎండబెట్టకుండా ఆపడం. మా వైపు దురద అనగానే వంకాయ మొదలు అన్నీ బంద్ చేస్తారు. పిల్ల బక్కచిక్కుతుంది కానీ దురద తగ్గదు.

ముసలివాళ్ళకు జిడ్డు ఊరడం తగ్గుతుంది. పైగా వాళ్ళకు వేడినీళ్ళ మీద మోజు ఎక్కువ. ముసలివాళ్ళ దురదలో సగం బకెట్‌లోనే ఉందని నేను నవ్వుతూ చెప్పేదాన్ని, వాళ్ళూ నవ్వుతూ వినేవారు, ఇంటికెళ్ళి మళ్ళీ పొగలు కక్కే నీళ్ళే పోసుకునేవారు. కోడలికి చెబితే కొంత నయం.

షుగర్ ఉన్న మనిషి మడమ పగిలితే అది అందం సంగతి కాదు. ఆ బీటలోంచి చీము పట్టి వేలు తీసేసినవాళ్ళను చూశాను. కాబట్టి పొడిచర్మమని ఎవరు వచ్చినా చెప్పులు విప్పించండి. పాదం పైభాగం చూసి ఊరుకోకుండా మడమ ఎత్తి చూడండి. థైరాయిడ్ తక్కువైనవాళ్ళకూ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకూ చర్మం ఎండి దురద పెడుతుంది. చర్మం చూడ్డానికి వచ్చినవాళ్ళను మీరు పరీక్ష చేయించబట్టి ఆ జబ్బులు తొందరగా బయటపడతాయి.

ఇక పూతల సంగతి. ఖరీదైన సీసాలో ఉన్నదానికంటే డబ్బాలో ఉన్న మామూలు జెల్లీ చాలాసార్లు బాగా పనిచేస్తుంది. కొబ్బరినూనె మంచిదే. ఏది రాసినా తడి మీద రాయాలి. ఎండిన ఒంటి మీద రాస్తే లోపల పట్టి ఉంచడానికి తేమ ఎక్కడిది? సున్నిపిండి, శనగపిండి పొడిచర్మం వాళ్ళకు వద్దు. మెడికల్ దుకాణంలో దురద అని అడిగితే చేతిలో పెట్టే ట్యూబులు అసలే వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండురోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఉల్లిపొరలా అవుతుంది. దుకాణదారు మంచివాడే కావచ్చు, ఆ చర్మాన్ని మళ్ళీ బాగుచేయాల్సింది మాత్రం మీరే.

లసుమవ్వ వేళ్ళు

కోరుట్లలో వారానికోసారి క్యాంపు నడిపే రోజుల్లో లసుమవ్వ వచ్చింది. చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తోంది. వేళ్ళ చివర్లు కాగితంలా గరుకుగా, ఎక్కడికక్కడ చీలి ఉన్నాయి. తునికాకు, తంబాకు కలిసి చేసిన పని అది. కానీ ఆమె వచ్చింది నొప్పి గురించి కాదు.

"రేషన్ దుకాన్ల నా ఏలిముద్ర పడుతలేదు బిడ్డా" అంది. "మిషన్ మీద ఏలు పెడితే ఎర్ర లైటు బుగ్గ ఎలుగుతది. ఇంకో ఏలు పెట్టుమంటడు, గదీ పడది. ఆఖరికి గా పోరడు ఏమన్నడో ఎర్కేనా? 'అవ్వా, నువ్వు ఉన్నట్టా లేనట్టా' అన్నడు. బతికున్న మనిషిని గట్ల అంటరా?"

నేను నవ్వబోయి ఆగాను. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

అంతకుముందు ఎవరో పెద్ద డాక్టరు ఒక క్రీము రాసిచ్చి రోజంతా చేతులకు పూస్తూ ఉండమన్నారట. సీసా తీసి చూస్తే నిండుగానే ఉంది. "ఎందుకు రాస్తలేవవ్వా?" అని అడిగాను.

"ఎట్ల రాయాలె? జిడ్డు చేతులతోని ఆకు పట్టుకుంటే జారుతది. బీడీకి మరక పడితే కార్ఖానల తీసి పక్కకు పారేస్తరు."

చేతులు ఎప్పుడు ఖాళీగా ఉంటాయని అడిగాను. బీడీల చాట పక్కన పెట్టి, అన్నం తిన్నాక పడుకునేదాకా ఖాళీయే. కాబట్టి పగలు ఏమీ రాయవద్దన్నాను. రాత్రి అన్నం తిన్నాక గోరువెచ్చని నీళ్ళలో చేతులు కాసేపు నానబెట్టి, తడి మీదనే జెల్లీ మందంగా రాసి, పాత బనీను గుడ్డ చుట్టుకుని పడుకోమన్నాను. గిన్నెలు తోమే పొడి చేతికి తగలకుండా ఆ పని కొన్నాళ్ళు మనవరాలికి అప్పజెప్పమన్నాను.

తర్వాత ఆమె వచ్చిన రోజు బెంచీ మీద తన వంతు దాకా ఆగలేదు. తలుపు తోసుకుని వచ్చి బొటనవేలు నా ముందు పెట్టింది. "పడ్డది బిడ్డా! పచ్చ బుగ్గ ఎలిగింది. గా పోరన్ని అడిగిన, గిప్పుడు సెప్పురా, ఉన్ననా లేనా అని!" క్యాంపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

అందరి వేళ్ళూ అలా మళ్ళీ పడవు. కొందరి గీతలు పూర్తిగా అరిగిపోయి ఉంటాయి, వాళ్ళకు వేలిముద్ర బదులు కంటిపాపతో గుర్తించే మిషన్ లాంటి వేరే దారి చూపించాలి. కానీ రోగి పని ఏమిటో, ఆ పనిలో మీరు రాసిన మందు ఇముడుతుందో లేదో అడగకుండా రాస్తే, ఆ సీసా నిండుగానే ఉండిపోతుంది. ఆమె మొండిదని తప్పు ఆమె మీదికి నెట్టకండి.

గంగాధర్ ఎక్స్‌రే

ఇప్పుడు చెప్పబోయేది జగిత్యాలలో జరిగింది. నేను చేసిన వైద్యంలో నాకు బాగా గుర్తుండిపోయినది ఇదే.

గంగాధర్‌ది కథలాపూర్ దగ్గర పల్లె. గల్ఫ్‌లో లోడింగ్ బండి నడుపుతాడు. నలభై దాటిన మనిషి. సెలవు మీద వచ్చాడు, తిరిగి వెళ్ళే రోజు దగ్గరపడింది. భార్య లావణ్య బలవంతాన లాక్కొచ్చినట్టు కనిపించింది. అతను కూర్చోకముందే అన్నాడు, "మేడం, తోలు ఎండిపోయింది. అక్కడి నీల్లు మంచియి కావు, ఉప్పునీల్లు. ఎండ సుత మస్తు. ఆర్నెల్లకు సరిపోయే మందు రాయిండ్రి, తీసుకపోత."

ప్యాంటు పైకి మడవమన్నాను. ముంగాళ్ళ మీద చర్మం చేపపొలుసులా పెచ్చులు పెచ్చులుగా ఉంది. చేతుల మీదా, నడుము మీదా అంతే. చేయి పెట్టి చూశాను.

"తమ్మీ, చిన్నప్పుడు గిట్ల ఉండెనా?"

"లేకుండె మేడం. నున్నగ ఉండేటోన్ని."

"మీ బాపుకు, అన్నదమ్ములకు?"

"ఎవ్వలకు లేదు."

"అక్కడ నీ రూములో ఉండేటోల్లు సుత గవే నీల్లు పోసుకుంటరు కదా. వాల్లకున్నదా?"

"లేదు. నన్నే ఎక్కిరిస్తరు, చేపల మార్కెట్ల పుట్టినవారా అని."

"గల్ఫ్ పోయి ఎన్నేండ్లయింది?"

"మస్తయింది. పెండ్లి కాకముందు పోయిన."

"మరి గా నీల్లు గిన్నేండ్లు ఏం చెయ్యలేదా?"

పోయిన ఎండాకాలం తర్వాత మొదలైందని లావణ్య చెప్పింది. ఇంకా చెప్పాలని ఆగుతున్నట్టు అనిపించి, "చెప్పు బిడ్డా" అన్నాను.

"బక్కగైండు మేడం. పోయినసారి అచ్చినప్పటి ప్యాంట్లన్నీ వదులైనయి. రాత్రి పండుకుంటే చలికాలంల సుత చెమట. చెద్దరు తడిసిపోతది. అడిగితే ఏం కాదంటడు."

"గల్ఫ్‌ల కష్టం చేసేటోడు బక్కగ కాక లావైతడా?" అని అతను విసుక్కున్నాడు.

నేను లేచి అతని వెనక నిలబడి మెడ తడిమాను. కుడివైపు మెడ కింద, కాలర్ ఎముక పైన, గోళీల్లా వేలికి తగిలాయి. నొప్పి లేదు. రబ్బరులా ఉన్నాయి. చంకలో ఇంకొకటి.

చెప్పాపెట్టకుండా వచ్చిన పొడితనం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, నొప్పిలేని గడ్డలు. ఇవన్నీ ఒకచోట చేరినప్పుడు మొదట వెతకాల్సినవి రెండు. ఒకటి క్షయ, రెండోది లింఫ్ గ్రంథుల కేన్సర్. నాకు అప్పటికే రెండోదాని మీదే అనుమానం గట్టిగా ఉంది. ఆ పొలుసులు క్షయ రోగుల్లో నేను చూసినవి కావు.

"తమ్మీ, నీకు తోలు రోగం లేదు. లోపల ఏదో ఉన్నది. నువ్వు ఇప్పుడు పోవద్దు."

అతని మొహం గట్టిపడింది. "టికెట్ అయింది మేడం. లేట్ చేస్తే కంపెనీ ఊకుంటదా? తోలుకు మందు అడిగితే మీరు ఏందేందో చెప్తున్నరు." లేచి తలుపు దాకా వెళ్ళాడు.

కొత్త డాక్టర్లకు ఇక్కడ ఒక మాట. ఆ క్షణంలో కేన్సర్ అనే మాట వాడితే అతను ఆ రోజే విమానం ఎక్కేవాడు. భయపెట్టి ఆపలేం. అతని లెక్కలోకి మనం వెళ్ళాలి.

"ఆగు తమ్మీ. అక్కడ వీసా రెన్యువల్ చేసేటప్పుడు ఛాతీ ఎక్స్‌రే తీస్తరా, తియ్యరా?"

"తీస్తరు."

"నీది మల్ల ఎప్పుడు?"

"పోంగనే."

"గా ఎక్స్‌రేల ఏదన్న కనబడితే వాల్లు ఏం చేస్తరో నాకంటె నీకే ఎక్కువ ఎర్క. ఒక్కనివే ఉంటవ్. వీసా పోతది, మనిషివి సుత ఆగమైతవ్. గదే ఎక్స్‌రే ఇయ్యాల ఇక్కడ తీయించు. పక్క గదే. మంచిగుంటే నేనే మందు రాసిచ్చి పంపుత, ఇంకో మాట అనను."

అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లావణ్య బతిమాలలేదు. అతని చొక్కా చేయి పట్టుకుంది, అంతే. చివరికి, "సరే, తీయిండ్రి" అన్నాడు.

ఎక్స్‌రే చీటీ పట్టుకుని వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చారు. మా ఆస్పత్రిలో పెద్ద ఫిజీషియన్ మోహన్ గారు దారిలో ఆ చీటీ చూశారట. ఆయనే నా గదిలోకి వచ్చారు. "ఏంటి మేడం, పొడిచర్మానికి ఎక్స్‌రేనా? రేపు చుండ్రుకు స్కానింగ్ రాస్తారా?" అన్నారు. రోగి ముందే.

నాకు కోపం వచ్చింది. కానీ గంగాధర్ చూపు ఆయన మీద ఉంది, వెళ్ళిపోవడానికి అతనికి ఒక సాకు కావాలి. "మీరే ఒకసారి మెడ చూడండి సార్" అన్నాను. ఆయన నవ్వుతూనే చేయి పెట్టారు. నవ్వు ఆగిపోయింది. రెండో వైపు చూశారు. చంక చూశారు. "నడు తమ్మీ, నేను కూడా వస్త" అని అతని భుజం మీద చేయి వేసి ఎక్స్‌రే గదికి ఆయనే తీసుకెళ్ళారు.

ఫిల్మ్ వచ్చింది. ఛాతీ మధ్యలో, రెండు ఊపిరితిత్తుల నడుమ, ఉండాల్సిన దానికంటే బాగా వెడల్పైన నీడ. మోహన్ గారు దాన్ని లైటు ముందు పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఫోన్ తీసి హైదరాబాదులో కేన్సర్ వైద్యం చేసే తన క్లాస్‌మేట్‌కు చేశారు. నాకు క్షమాపణ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. నేను రోజుల తరబడి తిరిగి చేయించాల్సిన పని ఆయన ఆ ఒక్క ఫోనుతో చేశారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు పెరిగింది. ఎగతాళి చేసినవాడు చేత్తో తడిమి చూసి మాట మార్చుకోగలిగితే, అతను మంచి డాక్టరు. తడిమి చూడకుండా మాట మీద నిలబడేవాళ్ళతోనే ప్రమాదం.

గంగాధర్ అప్పుడు అడిగాడు, నెమ్మదిగా. "కేన్సరా మేడం?"

"ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తది. కావచ్చు. అయితే ఇది మందుకు లొంగే జాతి. చానామంది బాగైతరు. నువ్వు టైముకు అచ్చినవ్."

అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ధైర్యం చెప్పడానికి అబద్ధాలు అవసరం లేదని నా అనుభవం. లావణ్య అప్పుడు ఏడ్చింది. అతను ఏడవలేదు. "టికెట్ కేన్సిల్ చెయ్యాలె కదా" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. ఇద్దరూ బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్ళడం కిటికీలోంచి చూశాను. ఆమె అతని కంటే ఒక అడుగు ముందు నడుస్తోంది.

హైదరాబాదులో పరీక్షలో లింఫ్ గ్రంథుల కేన్సరే తేలింది. మందులు ఎక్కించడం నెలల తరబడి సాగింది. జుట్టంతా రాలింది. నోరంతా పూసి కారం లేని అన్నం కూడా మింగలేకపోయాడు. ఒక దశలో మధ్యలో మానేస్తానని పట్టుబట్టాడు. లావణ్య ఫోన్‌లో నాతో మాట్లాడించింది. "మేడం, చావంగ చావంగ బతుకుతున్న" అన్నాడు. కాళ్ళు ఎలా ఉన్నాయో చూసి చెప్పమన్నాను. ఫోన్ పక్కన పెట్టి చూసుకుని వచ్చాడు. "పొలుసు రాలుతున్నది. కింద మెత్తగున్నది" అన్నాడు. లోపలి గడ్డలు కరుగుతుంటే పైన చర్మం మామూలవుతుంది. స్కానింగ్ రిపోర్టు కంటే ముందు అతని ముంగాళ్ళే ఆ కబురు చెప్పాయి. ఆ తర్వాత అతను మానేస్తానని మళ్ళీ అనలేదు.

పొడిచర్మం దగ్గర కూర్చునేవాళ్ళకు

ఇది చదివి పొడిచర్మంతో వచ్చిన ప్రతివాడికీ ఎక్స్‌రే రాయకండి. అలా రాస్తే మోహన్ గారి ఎగతాళే నిజమవుతుంది. వందలమందికి నూనె, గోరువెచ్చని నీళ్ళు, ఒక మంచి మాట చాలు. గంగాధర్ లాంటివాడు మీ సర్వీసు మొత్తంలో ఒకరో ఇద్దరో వస్తారు. ఆ ఒక్కడు కూడా మిగతావాళ్ళ మధ్యలో అదే బెంచీ మీద కూర్చుని ఉంటాడు, అదే మాట చెబుతాడు. అతన్ని గుర్తుపట్టాలంటే మిగతావాళ్ళందరి కాళ్ళ మీద కూడా చేయి పెట్టి చూసి ఉండాలి. వేరే దారి లేదు. ఈ పనిలో విసుగు పుట్టే భాగం అదే, అసలు పని కూడా అదే.

గంగాధర్ మళ్ళీ గల్ఫ్ వెళ్ళలేదు. జగిత్యాల మామిడి మార్కెట్‌లో కాయలు గ్రేడింగ్ చేసి పెట్టెలకెత్తే పనిలో కుదిరాడు. నేను రిటైరయ్యే ముందు ఎండాకాలంలో ఒకరోజు, లైన్‌లో నిలబడి, తన వంతు వచ్చాక లోపలికి వచ్చాడు. జుట్టు ఒత్తుగా వచ్చింది. కొంచెం పొట్ట కూడా వచ్చింది. లావణ్య వెంట లేదు. ఎందుకొచ్చినట్టు?

"ఏంది తమ్మీ, మల్లేమన్న ఉన్నదా?"

అతను రెండు ముంజేతులూ చాపాడు. ఎర్రగా, చిన్న చిన్న పొక్కులు. "మామిడికాయల సొన మేడం. పని కొత్త కదా, చేతులు కాలినయి. మంటపుడుతున్నది. గింత దానికి హాస్పిటల్ ఎందుకని ఇంట్ల లావణ్య నవ్వింది. నేనే అచ్చిన."

మెడ తడిమాను, అలవాటు కొద్దీ. ఏమీ లేదు. చంకలో ఏమీ లేదు. ముంగాళ్ళు నున్నగా ఉన్నాయి. చేతులు కడుక్కుని కూర్చుని, సొనకు పూసుకునే మందు ఒకటి రాసిచ్చి, పనిలో పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాను.

"గింతేనా మేడం?" అన్నాడు చీటీ చూసి.

"గింతే" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. బయట లైన్ పొడుగ్గా ఉంది, తర్వాతి మనిషిని పిలిచాను.